బాద్షా ఖాన్ – పగను విడిపించిన జీవితం

ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. చరిత్ర పాఠ్యపుస్తకంలో సరిహద్దు గాంధీ అని ఒక పంక్తి, ఎఱ్ఱచొక్కాల దళమని మరియొక పంక్తి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న – అంతటితో ఆయనతో మన పరిచయం ముగిసిపోవుచున్నది. ఉర్దూ విభాగంలోని మిత్రులు బాద్షా ఖాన్ అనియు, ఫఖ్రె అఫ్గాన్ అనియు పిలుచుకొనే ఆ మహనీయుని గురించి ఈ సంచికలో కొంత విపులంగా వ్రాయవలెనని మేము సంకల్పించినాము. అందుకు కారణం లేకపోలేదు. ఒక యువకుడు ఆయుధం చేతబట్టకముందే అతనిని ఆపగల శక్తి ఎవరికున్నది? పోలీసుకా, చట్టానికా, బడికా, ఊరి పెద్దలకా? ఈ ప్రశ్న నేడు ఎన్నో దేశాలను వేధించుచున్నది. దీనికి సమాధానాన్ని గ్రంథాలలో కాక, కాలినడకన ఊరూరూ తిరిగి వెదకినవాడు ఆయన.

పెషావరు లోయలో చార్సద్దాకు సమీపాన ఉత్మాన్‌జయీ అనే గ్రామం ఉన్నది. అచ్చటనే 1890లో అబ్దుల్ గఫార్ జన్మించినారు. తండ్రి బెహ్రామ్ ఖాన్ కలిగిన భూస్వామి. పఠాను పెద్దలలో అరుదైన రీతిగా, ఎవరితోనూ పగ పెట్టుకొనని వాడని ఆయనకు పేరు. ఇది చిన్న విషయంగా తోచవచ్చును గాని, ఆ సీమను ఎరిగినవారికి అది ఎంత పెద్ద విషయమో తెలియును.

పఠానుల జీవనానికి పరంపరాగతమైన ధర్మనియమావళి ఒకటి ఉన్నది. ఇంటికి వచ్చినవానిని, వాడు శత్రువైనను సరే, ఆదరించవలెను, శరణన్నవానిని కాపాడవలెను, అవమానం జరిగినచో ప్రతీకారం తీర్చుకొనవలెను. ఈ ప్రతీకారాన్నే వారు బదల్ అందురు. పొలంగట్టు దగ్గరనో, నీటి వంతు దగ్గరనో పుట్టిన తగవు ఒక హత్యతో మొదలై, కొడుకులకు, మనుమలకు ఆస్తివలె సంక్రమించేది. తండ్రి చంపబడినపుడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ పెద్దవాడై తుపాకి పట్టేవరకు ఊరు ఎదురుచూచేది. వాడు పట్టకపోయినచో పిరికివాడని నవ్వేది. కనుక పగ మానుమని పఠానుకు చెప్పుట పరువు వదలుకొనుమని చెప్పుటయే అయ్యేది.

ఆంగ్ల ప్రభుత్వం 1901లో ఈ ప్రాంతాన్ని పంజాబునుండి విడదీసి వాయవ్య సరిహద్దు రాష్ట్రంగా ఏర్పరచినది. అదే సంవత్సరం వచ్చిన సరిహద్దు నేరముల నిబంధన ప్రకారం ఒక్కని నేరానికి వాని వంశమంతటినీ, గ్రామమంతటినీ శిక్షింపవచ్చును. వకీలు లేడు, వాదం లేదు, అప్పీలు లేదు. భయంతో శాంతి నెలకొల్పవచ్చునని ఏలినవారు తలచినారు. భయం పెరిగినది గాని పగలు తగ్గలేదు. ప్రభుత్వంపై మరియొక పగ వాటికి తోడైనది.

అబ్దుల్ గఫార్ పెషావరులోని ఎడ్వర్డ్స్ మిషన్ పాఠశాలలో చదివినారు. అచ్చటి ప్రధానాచార్యుడు విగ్రమ్ దొర విద్యార్థుల యెడల చూపిన ప్రేమ ఆయన మనస్సులో జీవితాంతం నిలిచినది. పరాయి దేశపు మతాచార్యుడు మన పిల్లల కొరకు ఇంత శ్రమపడుచుండగా మనమేమి చేయుచున్నామనే ఆలోచన అచ్చటనే అంకురించినది. పొడగరి, బలశాలి అగుటచే సైన్యంలో గైడ్స్ దళంలో అధికారి పదవి ఆయనకు లభించినది. అయితే తన మిత్రుడైన ఒక భారతీయ అధికారిని ఒక ఆంగ్ల సైనికాధికారి తల దువ్వుకొన్న తీరుపై నలుగురిలో అవమానించుట కన్నులార చూచి, ఆ పదవిని వదలుకొన్నారు. కొంతకాలం అలీగఢ్‌లో చదివినారు. అన్నగారు జబ్బార్ ఖాన్ – తరువాత డాక్టర్ ఖాన్ సాహెబుగా ప్రసిద్ధి చెందినవారు – వైద్యవిద్య కొరకు అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. తమ్ముని కూడ పంపుటకు తల్లి అంగీకరించలేదు. ఆమె కన్నీరు చూచి ఆయన ప్రయాణం మానుకొన్నారు.

ఇరువది ఏండ్ల వయస్సులో, 1910లో, స్వగ్రామంలో ఆయన ఒక పాఠశాల తెరచినారు. ఈ పనిలో ఆయనకు ప్రేరణ తురంగ్‌జయీ హాజీ సాహెబు. ఆ ధర్మనిష్ఠాపరుడు ఊరూరా మదర్సాలు స్థాపించుచుండెను. అయితే 1915లో హాజీ సాహెబు గిరిజన ప్రాంతానికి తరలిపోయి ఆంగ్లేయులపై ఆయుధ యుద్ధానికి పూనుకొన్నారు. ఆ సంస్థలు మూతబడినవి. గురువు తుపాకి మార్గాన పోయినారు; శిష్యుడు బడి మార్గాన నిలిచినారు. పాఠకులు ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగవలెనని మా మనవి. ఇద్దరి మతనిష్ఠ ఒక్కటే, ఇద్దరి దేశభక్తి ఒక్కటే. దారి చీలినది మతం దగ్గర కాదు.

1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సభ జరిపినందుకు ఆయన తొలిసారి ఖైదు అయినారు. ఖిలాఫత్ దినములలో, 1920లో, వేలాదిమందితోపాటు అఫ్ఘనిస్తానానికి హిజ్రత్ చేసి, ఆ ప్రయత్నం విఫలము కాగా తిరిగివచ్చినారు. 1921లో ఉత్మాన్‌జయీలో ఆజాద్ ఇస్లామియా మదర్సా స్థాపితమైనది. పాలకులకు ఇది కంటగింపైనది. కొందరు ముల్లాలకు అంతకన్న ఎక్కువ కంటగింపైనది. బడికి పోయిన బిడ్డకు పరలోకం లేదని వారు ప్రచారం చేసినారు. కుమారుని ఆపుమని పెషావరు అధికారులు వృద్ధుడైన తండ్రిపై ఒత్తిడి తెచ్చినారు. లోకులందరు నమాజు మానినచో నన్ను కూడ మానుమందురా అని కుమారుడు తండ్రిని వినయంతో అడిగినాడట. విద్య నేర్పుట అటువంటి విధియే అని విన్న తండ్రి మరల ఆ మాట ఎత్తలేదు. ఫలితంగా అబ్దుల్ గఫార్‌కు మూడు సంవత్సరముల కఠిన కారాగారం. కాళ్ళకు బేడీలతో, ఒంటరి గదిలో తిరుగలి విసరినారు. 1924లో విడుదలై వచ్చినప్పుడు ప్రజలు ఆయనకు ఫఖ్రె అఫ్గాన్ అను బిరుదమిచ్చినారు.

1926లో హజ్ యాత్ర చేసినారు. ఆ ప్రయాణంలోనే జెరూసలేములో మెట్లమీదినుండి జారిపడి ఆయన భార్య మరణించినది. మొదటి భార్యను అంతకుముందే 1918 నాటి విషజ్వరం కబళించినది. ఆయన మరల వివాహం చేసికొనలేదు. 1928 మే నెలలో పష్తో భాషలో పఖ్తూన్ అను మాసపత్రికను ప్రారంభించినారు. మాతృభాషలో చదువుటయే చిన్నతనంగా ఉన్న దినములలో, స్త్రీలు వ్రాసిన రచనలకు కూడ అందులో చోటు ఇచ్చినారు.

ఇక 1929. ఆ సంవత్సరం చివరన ఖుదాయీ ఖిద్మత్‌గార్ సంస్థ పుట్టినది. దైవసేవకులు అని దాని అర్థం. దైవానికి మన సేవ అక్కరలేదు గనుక ఆయన సృష్టిలోని ప్రాణులకు చేసిన సేవయే దైవసేవ అని ఆయన వివరించేవారు. చేరదలచినవాడు ప్రమాణం చేయవలెను. హింస చేయను, ప్రతీకారం తీర్చుకొనను, నన్ను బాధించినవానిని క్షమింతును, పగలలోను పార్టీ తగవులలోను పాల్గొనను, ప్రతిదినం కనీసం రెండు గంటలు సంఘసేవ చేయుదును, సేవకు ప్రతిఫలం కోరను – ఇవి అందులోని ముఖ్యాంశములు. ఈ ప్రమాణం బలం ఎక్కడ ఉన్నదో ఆలోచింపుడు. పఠాను ఇచ్చిన మాట తప్పడు. మాట తప్పుట ప్రాణం పోవుటకన్న హీనం. ఏ పరువు కొరకు వాడు ప్రతీకారానికి కట్టుబడి ఉండెనో, ఆ పరువునే ఆయన క్షమకు కావలి పెట్టినారు. ఇక మీదట తుపాకి ఎత్తినవాడే మాట తప్పినవాడు! కత్తి ఎత్తుటకు కావలసిన ధైర్యంకన్న, దెబ్బ తిని చేయి ఎత్తకుండుటకు కావలసిన ధైర్యం పెద్దదని ఆయన చెప్పినప్పుడు, ఆ జాతికి అది సవాలుగా వినిపించినది. పిరికితనంగా వినిపించలేదు.

మతం విషయంలోను ఇంతే. అహింస అను తత్త్వాన్ని ఆయన బయటినుండి తెచ్చిన వస్తువుగా ఊళ్ళకు మోయలేదు. ప్రవక్త మక్కా నగరంలో పదమూడు సంవత్సరములు హింసలను భరించి సబ్ర్ వహించిన చరిత్రను జ్ఞప్తికి తెచ్చినారు. మరచిపోయిన మీ ఆయుధమే ఇది, మీ ఇంటిలోనే ఉన్నదని చెప్పినారు. ఆయనకు గాంధీజీతో గాఢమైన స్నేహం ఏర్పడినది తరువాతి సంవత్సరములలో. ఈ సంస్థ అంతకుముందే తన నేలలోనే మొలిచినది. సరిహద్దు గాంధీ అను బిరుదం గౌరవప్రదమే గాని, ఈ సత్యాన్ని కొంత మరుగుపరచునని మా అభిప్రాయం.

సంస్థ నడిచిన తీరు ఇంకను ఆసక్తికరం. సేవకులు తెల్లని ఖద్దరు ధరించేవారు. అది త్వరగా మాసిపోవుచుండగా తోళ్ళు ఊనవేయువారి చెక్కరసంలో ముంచినారు. ఇటుక ఎఱ్ఱ రంగు వచ్చినది. ఎఱ్ఱచొక్కాల పేరు అట్లు వచ్చినది. సైన్యంలో వలె పదవులు, కవాతు, డోలు, బాకా అన్నియు ఉన్నవి; ఆయుధం మాత్రం లేదు. యువకునికి దళం కావలెను, దుస్తులు కావలెను, తనవారి నడుమ గుర్తింపు కావలెను. ఆ కోరిక సహజమైనది. దానిని అణచక ఆయన సేవవైపు మరల్చినారు. భూస్వామి కొడుకు, నేత పనివాడు, మంగలి ఒకే శిబిరంలో ఒకే చీపురుతో వీధులు ఊడ్చినారు, పిండి విసరినారు, నూలు వడికినారు. అందులో హిందువులు, సిక్కులు కూడ చేరినారు. పగలు తీర్చుటకు ఊరిలో జిర్గా, అనగా పెద్దల సభ, కూర్చుండేది. అది పాత ఆచారమే. అయితే ఇపుడు రెండు పక్షములలోను ప్రమాణం చేసినవారు ఉండుటచే రాజీ సుకరమైనది. సర్కారు కోర్టులకు పోవలసిన తగవులు ఊరి చెట్టు క్రిందనే ముగియసాగినవి. తమ కోర్టులు వెలవెలబోవుట కూడ పాలకుల ఆగ్రహానికి ఒక హేతువైనదనుటలో ఆశ్చర్యం లేదు.

పరీక్ష త్వరలోనే వచ్చినది. మన కోస్తా తీరాన ఉప్పు సత్యాగ్రహులు కడవలతో సముద్రపు నీరు తెచ్చి వండుచున్న ఆ 1930 ఏప్రిల్ మాసంలోనే, 23వ తేదీన, బాద్షా ఖాన్‌ను, పెషావరులోని నాయకులను నిర్బంధించినారు. నగరంలో కిస్సా ఖ్వానీ బజారు ఉన్నది. కథలు చెప్పువారి బజారని అర్థం. పూర్వం ఒంటెల బిడారులు అచ్చట ఆగి దేశదేశాల కథలు చెప్పుకొనేవి. నిరసన తెలుప గుమిగూడిన జనంపైకి సాయుధ శకటములు దూసుకొనివచ్చినవి. ఒక శకటం తగులబడినది, ఒక సైనికుడు మరణించినాడు. ఆ దినం ఆ గుంపులో అందరు ప్రమాణబద్ధులు కారని ఒప్పుకొనక తప్పదు. తరువాత కాల్పులు ఆరంభమైనవి. ముందు వరుసవారు పడిపోగా వెనుక వరుసవారు రొమ్ములు చూపి ముందుకు నడిచినారని చెప్పుదురు. ప్రభుత్వ లెక్క మృతులు సుమారు ముప్పది మంది. ప్రజల లెక్క రెండు మూడు వందలకు పైన. గఢ్వాలీ దళంలోని హిందూ సిపాయీలు, చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వాన, నిరాయుధులైన ముస్లిం సోదరులపై తుపాకి పేల్చుటకు నిరాకరించినారు. సైనిక న్యాయస్థానం వారికి కఠిన శిక్షలు విధించినది. చంద్రసింగ్‌కు యావజ్జీవ కారాగారం. మే నెలలో ఉత్మాన్‌జయీలోని సంస్థ కార్యాలయాన్ని సైనికులు తగులబెట్టినారు. ఇంత జరిగిన పిమ్మట ఇంటింటా తుపాకి ఉన్న ఆ సీమలో ప్రతీకార జ్వాల ఎగయునని ఏలినవారు ఎదురుచూచియుందురు. జరిగినది వేరు. కొలది వందలు మాత్రమే ఉన్న సేవకుల సంఖ్య కొన్ని మాసములలో పదుల వేలకు పెరిగినది.

ఆ పిమ్మటి దశాబ్దం చరిత్ర పుస్తకములలో ఉన్నదే గనుక త్వరగా దాటెదము. చెరసాలలో గీత, గ్రంథసాహెబు చదివినారు, తోటి ఖైదీలకు ఖురాన్ బోధించినారు. 1934లో కాంగ్రెసు అధ్యక్ష పదవి ఇవ్వజూపగా సేవకునిగానే ఉందునని తిరస్కరించినారు. స్వరాష్ట్రంలో ప్రవేశం నిషేధింపబడగా వార్ధాలో గాంధీజీ చెంత గడపినారు. 1937లో డాక్టర్ ఖాన్ సాహెబు రాష్ట్రంలో మంత్రివర్గం ఏర్పరచినారు. 1938లో గాంధీజీ సరిహద్దు గ్రామములలో పర్యటించి ఆ సేవకులను స్వయంగా చూచినారు. 1942లో నిర్బంధించునపుడు పడిన లాఠీ దెబ్బలకు బాద్షా ఖాన్ పక్కటెముకలు విరిగినవి.

దేశం నిప్పుల గుండమైన 1946–47లో ఆయన ఎచ్చట ఉన్నారో చూడుడు. బీహారులో ముస్లిం గ్రామములు కాలిపోయినపుడు గాంధీజీతో కలిసి ఆ శిథిలముల నడుమ నడిచినారు. పారిపోయినవారిని తిరిగి రమ్మని, చంపినవారి ఊళ్ళలో పశ్చాత్తాపం మేల్కొల్పవలెనని శ్రమించినారు. అదే కాలంలో పెషావరులో హిందూ, సిక్కు కుటుంబములకు ఆపద వచ్చినపుడు గ్రామములనుండి ఖుదాయీ ఖిద్మత్‌గార్లు దిగివచ్చి కాపలా కాచినారు. అల్పసంఖ్యాకుల ప్రాణం ఎచ్చట ప్రమాదంలో ఉన్నదో అచ్చటికి పోవుటయే ఆయన ధర్మం; బీహారులో అల్పసంఖ్యాకులు ముస్లింలు, పెషావరులో హిందువులు, సిక్కులు. అయితే ఒక చేదు నిజాన్ని దాచుట భావ్యం కాదు. ఆ 1947లో సొంత కుమారుడు, కవి అయిన గనీ ఖాన్ ఆత్మరక్షణ పేరున ఆయుధములు ధరించిన యువకదళం నొకదానిని సమకూర్చినారు. అది తండ్రి సంస్థకు వెలుపలిది. ఇంటిలోనే రెండు మార్గములు! తండ్రి మాత్రం తన మార్గం మార్చుకొనలేదు.

విభజనను ఆయన తుదివరకు వ్యతిరేకించినారు. 1947 జూలైలో జరిగిన అభిప్రాయ సేకరణను ఆయన పక్షం బహిష్కరించినది. ఓటర్లలో దాదాపు సగంమంది పాల్గొనగా, అందులో అత్యధికులు పాకిస్తాన్‌ను కోరినారు. ఆగస్టులోనే డాక్టర్ ఖాన్ సాహెబు మంత్రివర్గాన్ని తొలగించినారు. బాద్షా ఖాన్ 1948 ఫిబ్రవరిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభలో విధేయతా ప్రమాణం చేసినారు. అయినను జూన్‌లో చెరసాల తప్పలేదు. ఆగస్టు 12వ తేదీన చార్సద్దా దగ్గర బాబ్రా గ్రామంలో ఆయన అనుచరులపై కాల్పులు జరిగినవి. అధికారుల లెక్క పదులలో, ప్రజల లెక్క వందలలో. ఈసారి కాల్చినది పరాయి ప్రభుత్వం కాదు. తరువాత సంస్థ నిషిద్ధమైనది. ఊరూరా వెలసిన శాంతిదళం, కవాతులు, జిర్గాలు, బడులు – ఆ నిర్మాణమంతయు చెదరిపోయినది. ఊరి జనం కట్టిన శాంతిని రాజ్యం ఆదరింపకపోయినను కనీసం కూల్చకుండవలెను. ఆయనకు ఆ పాటి అవకాశం కూడ లభించలేదు. జీవితంలో సుమారు మూడవ వంతు ఆయన చెరసాలలలోనే గడచినది. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ ఆయనను ఆ సంవత్సరపు ఖైదీగా ప్రకటించినది. 1964 నుండి అఫ్ఘనిస్తానంలో ప్రవాసం.

గాంధీ శతజయంతికి 1969లో ఆయన భారతదేశానికి వచ్చినారు. అప్పటికి ఎనుబది ఏండ్లకు చేరువలో ఉన్నారు. చేతిలో బట్టల మూట ఒకటి. దానిని ఇతరులు మోయుటకు ఒప్పుకొనేవారు కారట. సరిగ్గా ఆ దినములలోనే, గాంధీజీ సబర్మతి ఆశ్రమం ఉన్న అహమ్మదాబాదులో, ఘోరమైన మతకల్లోలం జరిగినది. ఉత్సవములకు వచ్చిన అతిథి మూడు దినములు ఉపవాసముండినారు. పిమ్మట ఆ నగరానికి పోయి కాలిన బస్తీలలో తిరిగినారు. నవంబరు 24న పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశంలో మాట్లాడుచు, గాంధీ మార్గాన్ని మీరు మరచినారని మొగమాటం లేకుండ మందలించినారు. ఆతిథ్యమిచ్చినవారిని మెచ్చి పోవుట సులభం. ఆయన ఆ సులభమైన పని చేయలేదు. 1987లో భారతరత్న బిరుదంతో మన ప్రభుత్వం ఆయనను గౌరవించినది.

1988 జనవరి 20వ తేదీన పెషావరులో ఆయన కన్నుమూసినారు. జలాలాబాదులో ఖననం చేయవలెనని ఆయన కోరిక. అప్పుడు అఫ్ఘనిస్తానంలో యుద్ధం ముమ్మరంగా సాగుచున్నది. ఆ అంత్యయాత్ర కొరకు ఇరుపక్షముల వారు కాల్పులు విరమించినారు. వేలాది జనం వాహనములలో ఖైబర్ కనుమ దాటి శవపేటిక వెంట నడిచినారు. అయినను జలాలాబాదులో బాంబులు ప్రేలి పదిహేను మంది మరణించినారు. ఒకే దినాన, ఒకే యాత్రలో, ఆయన సాధించినదియు, సాధింపలేకపోయినదియు రెండును కనబడినవి.

2012లో చార్సద్దాలో బాచా ఖాన్ విశ్వవిద్యాలయం వెలసినది. బాద్షా ఖాన్‌ను ఆయన సీమవారు పిలిచే పేరు బాచా ఖాన్. 2016 జనవరి 20వ తేదీన, ఆయన వర్ధంతి సందర్భాన అచ్చట పష్తో ముషాయరా ఏర్పాటైయుండగా, మంచు ముసిరిన ఉదయం సాయుధులు గోడ దాటి లోపలికి చొరబడినారు. ఇరువదిమందికి పైగా మరణించినారు. వారిలో అధికులు విద్యార్థులు. తమ విద్యార్థులను కాపాడుచు ఒక యువ అధ్యాపకుడు కూడ ప్రాణం కోల్పోయినాడు. కొద్ది వారములకే, గోడల మీద గుళ్ళ గుర్తులు ఉండగనే, ఉత్మాన్‌జయీకి కొలది మైళ్ళ దూరంలోని ఆ తరగతులలో పాఠములు మరల మొదలైనవి.